మొదటి స్లైడ్‌కి ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఏడో తరగతి పిల్లల చేతికి మొదటిసారి మైక్రోస్కోప్ ఇస్తున్నానని, టెన్షన్‌గా ఉందని రాశావు. "రకరకాల పిల్లలు పెద్దమ్మా, అందరికీ ఎలా చూపించను?" అన్నావు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ ఐపీస్‌లోకి, అంటే కన్ను ఆనించే లెన్స్‌లోకి, చూడమని "కనబడిందా?" అని అడిగేదాన్ని. అందరూ "కనబడింది టీచర్" అనేవాళ్లే. ఒకరోజు బొమ్మ వేయమన్నాను. ఒక పిల్ల దట్టమైన నల్లటి అంచుతో గుండ్రటి వలయం వేసింది. అది ఉల్లిపొర కణం కాదు, కవర్ స్లిప్ (స్లైడ్ మీద కప్పే పల్చటి గాజు బిళ్ల) కింద చిక్కుకున్న గాలిబుడగ. ఆ పిల్ల చూసింది చూసినట్టే వేసింది. ఏది బుడగో, ఏది కణమో నేనే చెప్పలేదు. అందుకని నువ్వు "కనబడిందా?" అనకు, "ఏం కనబడింది?" అని అడుగు. మొదటి రోజే కావాలని ఒక బుడగ చేసి చూపించు.

తొలి స్లైడ్ ఉల్లిపొర కూడా వద్దు. అచ్చు కాగితంలోంచి ఒక్క అక్షరం కత్తిరించి పెట్టు. అది తలకిందులుగా, కుడిఎడమలు మారి కనిపిస్తుంది. స్లైడ్ కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోతుంది. ఇది చేతికి అలవాటు కావాలి. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలుంటే వాళ్ల లిపిలోని అక్షరమే పెట్టుకోనివ్వు. ఆ రోజు వాళ్ల ముఖాలు చూడు.

ఎప్పుడూ 4 రెట్ల లెన్స్‌తోనే మొదలుపెట్టించు. ఐపీస్ 10 రెట్లయితే మొత్తం 40 రెట్లు. ఫోకస్ సరిచేసే పెద్ద నాబ్ అక్కడే తిప్పాలి. 40 రెట్ల లెన్స్‌తో మొత్తం 400కి వెళ్లాక చిన్న నాబ్ మాత్రమే, లేకపోతే లెన్స్ దిగి స్లైడ్ పగులుతుంది. అద్దం ఉన్న మైక్రోస్కోప్‌ని సూర్యుడి వైపు తిప్పనివ్వకు, కళ్లకి ప్రమాదం.

ఉల్లిపొర వేసేటప్పుడు, నీటి చుక్కలో ముడత పడకుండా పరిచి ఒక చుక్క అయోడిన్ వేయించు. కవర్ స్లిప్ ఒక అంచు ఆనించి, వాలుగా పట్టుకుని, సూదితో మెల్లగా దించాలి. "ఇటుక గోడలా ఉంది" అని వాళ్లే అంటారు. అననివ్వు. కణకవచం, కేంద్రకం అనే పేర్లు ఆ తర్వాత చెప్పు.

ఒకరు సరిచేసిన ఫోకస్ ఇంకొకరికి సరిపోదు, ఎవరికి వాళ్లే తిప్పుకోవాలి. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లు కళ్లద్దాలు తీయకూడదు. రంగులు తేడా పోల్చలేని పిల్లలుంటారు, రంగు బదులు ఆకారం, ముదురుదనం అడుగు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లకి ఫోన్ కెమెరా ఐపీస్‌కి ఆనించి చూపించవచ్చు, కానీ నాబ్ మాత్రం తన చేత్తోనే తిప్పనివ్వు. చూపు లేని పిల్లాడికి మట్టితో కణం చేసిపెట్టు, తడిమి చూస్తాడు. బొమ్మ రాదని ఏడ్చేవాళ్లకి లీవెన్‌హుక్ సంగతి చెప్పు. 1670లలో నీటిలోని సూక్ష్మజీవుల్ని చూసిన ఆయన బట్టల వ్యాపారి, బొమ్మలకి చిత్రకారుణ్ణి పెట్టుకున్నాడు. అలాంటి పిల్ల మాటల్లో చెబితే పక్కవాళ్లు గీస్తారు.

రెండో వారం గడ్డి నానబెట్టిన నీటి చుక్క పెట్టు. అందులో ఈదే పారమీషియం అనే ఏకకణ జీవి 400లో చిక్కదు, 100లో చూపించు. రెండు దూది పోగులు వేస్తే కాస్త నెమ్మదిస్తుంది. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవరు. తర్వాతి పీరియడ్ కూడా నీకే ఉండేలా ముందే అడిగిపెట్టుకో.

నీ పెద్దమ్మ