ఏసీలు బిగించే పని కాదు, టన్నులు తగ్గించే పని

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. భవనాల ఏసీ, వెంటిలేషన్ డిజైన్ వైపు వెళ్తానంటోంది. కర్బన ఉద్గారాలు తగ్గించే పనికి ముందు ముందు గిరాకీ ఉంటుందట. "ఏసీలు బిగించడానికి ఇంజినీరింగ్ ఎందుకు?" అని మా బావమరిది ఎగతాళి చేస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా? - ఒక తండ్రి, తణుకు

జవాబు: ఏసీ బిగించేవాళ్లు వేరు, అసలు ఎన్ని టన్నులు (ఏసీ చల్లబరిచే సామర్థ్యానికి కొలత) కావాలో తేల్చేవాళ్లు వేరండీ. మీ అమ్మాయి అడుగుతున్నది రెండోది.

30 వేల చదరపు అడుగుల ఆఫీసు కడుతున్నారనుకోండి. నోటిలెక్కన 150 అడుగులకో టన్ను చొప్పున 200 టన్నులు రాసేయొచ్చు. అలా రాసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గది చల్లబడకపోతే తిట్లు తమకు పడతాయి, టన్నులు ఎక్కువైతే బిల్లు ఓనరు కట్టుకుంటాడు కదా! మంచి డిజైనర్ అలా వదిలేయరు. పడమటి గోడకు అద్దం ఎంత, దానికి నీడ ఉందా, ఏ గదిలో ఎంతమంది కూర్చుంటారు, బయటి గాలి ఎంత తేవాలి అన్నీ లెక్కకట్టి, అవసరమైతే ఆర్కిటెక్ట్‌తో వాదించి, ఆ 200ను 140కి దించడానికి చూస్తారు. డీకార్బనైజేషన్, అంటే కర్బన ఉద్గారాలు తగ్గించడం, అనే పెద్ద మాటకు మన ఎండల్లో అర్థం చాలావరకు ఇదే. దీనికి కావలసిన థర్మో, ఫ్లూయిడ్ మెకానిక్స్ మీ అమ్మాయి చదివేసే ఉంటుంది. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుందన్న సూత్రం చాలామంది పరీక్ష రాసి మరిచిపోతారు. ఈ రంగంలో రోజూ అన్నం పెట్టేది అదే.

గిరాకీ గురించి ఆమె చెప్పింది నిజమే. 2017-18తో పోలిస్తే 2037-38కి దేశంలో చల్లదనం అవసరం 8 రెట్లవుతుందని కేంద్రం 2019 కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో అంచనా వేసింది. ఏసీల్లో చల్లదనానికి వాడే, భూమిని వేడెక్కించే హెచ్ఎఫ్‌సీ గ్యాసుల వాడకాన్ని కిగాలి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మనం 2028లో కట్టడి చేసి, 2032 నుంచి తగ్గించుకుంటూ పోవాలి. అంటే పాత డిజైన్లు మళ్లీ గీయాలి. విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. డేటా సెంటర్లో సర్వర్ల తర్వాత పెద్ద కరెంటు ఖర్చు వాటిని చల్లబరచడమే. బ్రిటన్‌లో సమస్య తిరగబడి ఉంటుంది: గ్యాస్ బాయిలర్లు తీసి హీట్ పంపులు పెడుతున్నారు. హీట్ పంపంటే ఏసీని తిరగేసి వాడుకోవడమే. అలాంటి విదేశీ ప్రాజెక్టుల డిజైన్ హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లోనూ జరుగుతుంది.

ఇక చేదు మాట. మొదటి రెండేళ్లు జీతం తక్కువ. నెలకు పాతికవేల లోపే మొదలైనవాళ్లను చాలామందిని చూశాను. అంతకన్నా నాకు భయం డ్రాఫ్టింగ్ ఉచ్చు, అంటే బొమ్మలు గీసే పనిలోనే ఉండిపోవడం. నా దగ్గరకొచ్చిన ఒకబ్బాయి "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్న ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టి మూడు నెలల్లో ఆటోక్యాడ్, రెవిట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నాడు. నాలుగేళ్లయినా ఎవరో వేసిన లెక్కకు డక్టులు (చల్లగాలి వెళ్లే గొట్టాలు) గీస్తూనే ఉన్నాడు. ఆ డక్టు ఆ సైజే ఎందుకో అతన్ని ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. రెవిట్ నేర్చుకోమనండి, కానీ గదిలోంచి ఎంత వేడి తీసేయాలో చెప్పే హీట్ లోడ్ లెక్క చేత్తో వేయడం వచ్చాకే.

కాలేజీలో ఇష్రే (ఏసీ, రిఫ్రిజరేషన్ ఇంజినీర్ల సంఘం) విద్యార్థి విభాగం ఉంటే చేరమనండి. ఎలెక్టివ్‌గా రిఫ్రిజరేషన్ తీసుకోమనండి. భవనానికి ఎంత కరెంటు పడుతుందో లెక్కకట్టే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దానికి పైథాన్ తోడైతే మంచిది. సాఫ్ట్‌వేర్ కోర్సు మీద మీ ఆశ అంతవరకు తీరినట్టే! హైదరాబాద్ వెళ్తే హైటెక్ సిటీ దగ్గర పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడమనండి. అమెరికా బయట లీడ్ అనే హరిత భవనాల రేటింగ్‌లో ప్లాటినం స్థాయి పొందిన మొదటి భవనం అదే. ఉద్యోగంలో కుదురుకున్నాక కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు.

ఆడపిల్ల కదా, సైటు ఎందుకని మీరు ఆపొద్దు. సైట్లలో బాత్రూమ్‌ల దగ్గర్నుంచి ఇబ్బందులున్నాయి, కాదనను. కానీ ఒక ఏడాది సైటు చూడనివాళ్లు బీము మధ్యలోంచి డక్టు గీసేస్తారు.

ఈ సెలవుల్లో మీ పడమటి గదికి ఎన్ని టన్నులు కావాలో కాగితం మీద లెక్క వేయమనండి. తర్వాత మీ బావమరిదిగారి ఇంటికీ వేయమనండి. ఆయన ఎంత పెద్ద ఏసీ కొనుక్కున్నారో తేలుతుంది.