వానాకాలంలో పాలిమర్ మొదలుపెడుతున్న అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పరిశోధనకు పాలీఆక్సజోలిన్లు, అంటే ఆక్సజోలిన్ ఉంగరాలు తెరుచుకుని గొలుసుగా అల్లుకునే పాలిమర్లు, ఎంచుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. మన ఇంట్లో ఈ పని చేసేవాళ్లం ఇక ఇద్దరం. కానీ మొదలుపెడుతున్నది ఆషాఢంలో, బెజవాడలో, కృష్ణ ఒడ్డున. అదే నా బెంగ. 1966 నుంచీ తెలిసిన చర్య ఇది. నేటికీ దాని శత్రువు నీరే.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గొలుసులో పూసలాంటి మోనోమర్ 2-ఇథైల్-2-ఆక్సజోలిన్, ద్రావణి అసిటోనైట్రైల్, వేడి 80 డిగ్రీలు. మైక్రోవేవ్ ఉంటే 140 డిగ్రీల దగ్గర నిమిషాల పని. గొలుసు పెరగడం ఆపడానికి పిపెరిడిన్.

ఇప్పుడు చెప్పేది మాత్రం నిదానంగా చదువు. మా ల్యాబులో పక్క బల్ల మిత్రుడు ప్రొపార్జిల్ టోసిలేట్‌తో గొలుసు మొదలుపెట్టాడు. గొలుసు తలదగ్గర ఆల్కైన్ అనే కొక్కెం నిలిస్తే దానికి రంగు అతికించాలని అతని ఆలోచన. కొత్త సీసా కదా అని మోనోమర్‌ను కాల్షియం హైడ్రైడ్ మీద ఆరబెట్టి స్వేదనం చేయకుండా నేరుగా వాడేశాడు. ఈథర్‌లో పోయగానే తెల్లటి పాలిమర్ దిగింది. అణువు అమరిక చూపే ఎన్ఎంఆర్‌లో 3.4 దగ్గర గొలుసు వెన్నెముక, 1.1 దగ్గర మిథైల్, అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. గొలుసుల పరిమాణం చూపే జీపీసీలో శిఖరం సన్నగా ఉంది, అంటే గొలుసులన్నీ దాదాపు ఒకే పొడవు. అందరం మెచ్చుకున్నాం. రంగు అతికించి, చిన్న అణువులను బయటికి వదిలే సంచిలో డయాలసిస్‌కు పెట్టాక, అతకని రంగుతో బయటి నీరు ఎర్రబడుతూ, సంచిలోని పాలిమర్ పాలిపోతూ వచ్చింది. చివరికి ఒక్కో గొలుసు బరువు చూపే మాల్డీలో దొంగ దొరికాడు. ఒక్కో మోనోమర్ బరువైన 99 చొప్పున సాగే వరుస పక్కనే, 38 తక్కువలో ఇంకో వరుస! తేమ తగిలి పుట్టిన ఆమ్లం ప్రోటాన్‌తో తన గొలుసులు తానే మొదలుపెట్టింది. వాటి తలదగ్గర ప్రొపార్జిల్ బదులు ప్రోటాన్ ఉంది, ఆ బరువు తేడాయే 38. వాటికి ఆల్కైనే లేదు, రంగు దేన్ని పట్టుకుంటుంది? పాపం, ఆ సంవత్సరం అతను మళ్లీ మొదటికి వచ్చాడు.

అందుకే గాజు సామాను రాత్రంతా ఓవెన్‌లో ఉంచి, వేడిగా ఉండగానే నైట్రోజన్ కింద బిగించు. జీపీసీ పరిమాణం చెబుతుంది, తల ఎవరిదో చెప్పదు. చివరి సమూహం మీద ఆధారపడే పని ఏదైనా మాల్డీ చూశాకే మొదలుపెట్టు.

ఇంకొకటి, ఇది ఆజ్ఞే అనుకో. గొలుసు మొదలుపెట్టడానికే వాడే మిథైల్ ట్రైఫ్లేట్ సీసాను ఒంటరిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. దాని ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకే ముప్పు. టోసిలేట్‌తో సాగేచోట దాన్నే వాడు, అప్పుడూ ఫ్యూమ్ హుడ్‌లోనే, చేతి తొడుగులతోనే. రాత్రి పొద్దుపోతే వాన తగ్గాక వెళ్దామని అక్కడే కూర్చోకు తల్లీ, నాన్నకు ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళతాడు. వేళకు తిను.

మొదటి మాల్డీ చార్టు రాగానే నాకు ఫొటో పంపు. నీది మిథైల్ టోసిలేట్ అయితే ఆ తేడా 14 ఉంటుంది, అక్కడ వెతుకు. రెండో వరుస కనిపించినా దాచకుండా పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న