ఆవిడ పేరు ఏమని వేయాలి?

గట్టు మీద ఉత్తరాలు: పాఠకుల ప్రశ్నలకు అమలాపురం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచరు జవాబులు

ప్రశ్న: టీచర్ గారూ, నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. డిగ్రీ అయ్యాక జిరాక్స్ షాపులో పని చేస్తున్నాను. మా షాపు వెనక వీధిలో నలుగురు ట్రాన్స్ మహిళలు అద్దెకుండేవారు. ఏ కాగితం పనున్నా మా దగ్గరికే వచ్చేవారు. పోయిన మాఘమాసంలో తీర్థం నుంచి రాత్రి ఆటోలో వస్తుంటే లారీ గుద్ది ఇద్దరు చనిపోయారు. అందులో ఒకావిడని నేను అక్కా అని పిలిచేవాడిని. వాళ్ళింటివాళ్ళు వచ్చి, జుట్టు కత్తిరించి, ప్యాంటు చొక్కా తొడిగి, పాత మగపేరుతోనే కార్యక్రమం జరిపించేశారు. మిగిలిన ఇద్దరినీ దగ్గరికి కూడా రానివ్వలేదు. ఇప్పుడు ఇల్లుగలాయన వాళ్ళని ఖాళీ చేయమంటున్నాడు. కవితలు, కథలు రాసుకునే కుర్రాళ్ళం పదిమందిమి ఒక సంకలనం వేసి, వచ్చిన డబ్బు వాళ్ళకి ఇద్దామనుకున్నాం. అమెరికాలో ఒక ఘోరం జరిగినప్పుడు ఇలాగే బొమ్మల కథల పుస్తకం వేశారని విన్నాం. అది నిజమేనా? మేం వేస్తే కేసులేమైనా అవుతాయా? అక్క పేరు ఏమని వేయాలి? అట్ట మీద ఆవిడ ఫొటో వేస్తే జనం కొంటారని మావాడొకడు అంటున్నాడు.

జవాబు: బాబూ, అన్నిటికంటే ముందు అద్దె సంగతి చూడండి. పుస్తకమంటే రచనలు తెప్పించుకోవాలి, డీటీపీ చేయించాలి, రెండుసార్లు ప్రూఫులు చూడాలి, ప్రెస్సు చుట్టూ తిరగాలి. ఎంత తొందరపడినా మూడు నెలలు. ఇల్లుగలాయన మూడు నెలలు ఆగడు. పదిమందీ తలా కొంత వేసుకుని రెండు నెలల అద్దె కట్టేయండి. మీలో ఇద్దరు, వీలైతే పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని, వెళ్ళి ఆయనతో మాట్లాడండి. ఆ తర్వాత పుస్తకం.

అమెరికా సంగతి నిజమే. 2016 జూన్ 12 తెల్లవారుజామున ఫ్లోరిడా రాష్ట్రం ఆర్లండో నగరంలో పల్స్ అనే నైట్‌క్లబ్‌లోకి ఒకడు తుపాకీతో వచ్చి 49 మందిని చంపేశాడు. అది గేలు, లెస్బియన్లు, ట్రాన్స్ వాళ్ళు భయం లేకుండా కలుసుకునే చోటు. ఆ రాత్రి లాటిన్ అమెరికా పాటల రాత్రి. అందుకే చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది పోర్టోరికో వంటి చోట్ల మూలాలున్నవాళ్ళు. అందరిలో చిన్నపిల్లకి 18 ఏళ్ళు. బిడ్డ చనిపోయిందన్న కబురూ, ఆ బిడ్డ ఇన్నాళ్ళూ చెప్పుకోలేకపోయిన సంగతీ ఒక్కసారే తెలిసిన ఇళ్ళు కూడా ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. నాకు ఆ ఇళ్ళే ఎక్కువ గుర్తుండిపోయాయి.

అదే ఏడాది డిసెంబరు ఆఖరులో, ‘లవ్ ఈజ్ లవ్’ అనే 144 పేజీల చిత్రకథల సంకలనం వచ్చింది. మార్క్ ఆండ్రెయ్‌కో అనే రచయిత పూనుకుంటే ఎందరో రచయితలు, చిత్రకారులు పైసా తీసుకోకుండా ఒకటి రెండు పేజీల చొప్పున కథలు ఇచ్చారు. ఐడీడబ్ల్యూ అనే సంస్థ, సూపర్‌మాన్ బొమ్మల పుస్తకాలు వేసే డీసీ కామిక్స్ కలిసి ప్రచురించాయి. వచ్చిన డబ్బు ఈక్వాలిటీ ఫ్లోరిడా అనే సంస్థ ద్వారా బాధితులకి, వాళ్ళ కుటుంబాలకి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. మరుసటి ఏడు దానికి, బొమ్మల కథల పుస్తకాలకిచ్చే ఐస్నర్ అవార్డు కూడా వచ్చింది.

నువ్వు అడగలేదు గానీ దాని పక్కనే ఇంకో సంగతి ఉంది, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది. ఆ నగరం వన్‌ఆర్లండో అని ఒక నిధి పెట్టింది. లోకం నలుమూలల నుంచీ 2.9 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఎవరికెంత ఇవ్వాలో ఒక ముసాయిదా రాసి, ఆ ఆగస్టులో చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళనీ బతికి బయటపడ్డవాళ్ళనీ పిలిచి సభలు పెట్టి, మీరేమంటారని అడిగారు. ఆ తర్వాతే పంచారు. చనిపోయిన ఒక్కొక్కరి తరఫునా మూడున్నర లక్షల డాలర్లు ఇచ్చారు. అంత డబ్బు మీకూ రాదు, నాకూ రాదు. కానీ ముందు అడగడమన్నది పదివేలు వచ్చినా చేయగలిగిన పనే.

ఇది నేను గట్టిగా చెప్పడానికి కారణముంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను నీకు తెలిసుండదు, నువ్వు పుట్టి ఉండవు. కోనసీమలో కొబ్బరిచెట్లు వేర్లతో సహా పడిపోయాయి. భైరవపాలెం వైపు వేటకెళ్ళిన మత్స్యకారులు ఎంతోమంది తిరిగి రాలేదు. మేం టీచర్లం కొందరం కలిసి ఒక కవితల పుస్తకం వేశాం. మూడు ఫారాలు, అంటే 48 పేజీలు, వెల పది రూపాయలు. అట్ట మీద ఒక మత్స్యకారుడి ఫొటో. వేటకి ముందు ఒడ్డున వల సర్దుతుండగా ఎవరో తీసింది. కింద పెద్ద అక్షరాలతో ‘నివాళి’ అని వేశాం. సంతరోజున బల్ల వేసుకుని అమ్ముతున్నాం. ఒకావిడ చేపలగంప దించుకుని వచ్చి నిలబడింది. అట్ట మీదున్నాయన ఆవిడ భర్త. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు, కనుక్కోవాలని కూడా అనిపించలేదు. ఆయన శవం అప్పటికింకా దొరకలేదు. ఏ ఒడ్డునో చేరి ఉంటాడని ఆవిడ గాజులు తీయలేదు. ‘ఎంతండీ?’ అంది. కొంగుముడి విప్పి పది రూపాయలు ఇచ్చి ఒకటి తీసుకుంది. తర్వాత బల్ల మీదున్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటే బోర్లా తిప్పి పెట్టి వెళ్ళిపోయింది. నేను వెనకాలే పరిగెత్తి వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అట్టలు చించి కొత్తవి వేయించాం, కానీ అప్పటికే సగం కాపీలు ఊళ్ళ మీదకి వెళ్ళిపోయాయి.

అందుకని బాబూ, ఫొటో వద్దు. కొంటారని అసలే వద్దు. ఇక పేరు. అక్క ఏ పేరుతో బతికిందో, నువ్వు షాపులో కాగితాలిస్తూ ఏ పేరు పిలిచేవాడివో ఆ పేరే వేయాలి. అమ్మానాన్నలు చితి దగ్గర పిలిచింది ఆవిడ వదిలేసుకున్న పేరు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళు కన్నబిడ్డని పోగొట్టుకున్నారు. వాళ్ళ ఊరి పేరు గానీ, ఇంటిపేరు గానీ, ఆ పాత పేరు గానీ పుస్తకంలో ఎక్కడా రానివ్వకండి. అలా చేస్తే ఎవరి గుట్టూ బయటపడదు, అక్కకీ అన్యాయం జరగదు.

అయితే ఇది నేను చెప్తే సరిపోదు, నువ్వనుకున్నా సరిపోదు. మిగిలిన ఆ ఇద్దరే చెప్పాలి. వాళ్ళకి పెద్దదిక్కుగా ఒక గురువు ఉండే ఉంటారు, ఆవిడనీ అడగండి. కవితలన్నీ అయ్యాక చూపించడం కాదు, మొదలుపెట్టకముందే వెళ్ళండి. పుస్తకం వద్దు, అద్దె చాలు అంటే పుస్తకం మానేయండి. సరేనంటే వాళ్ళనీ రాయమనండి. రాయడం రాకపోతే వాళ్ళు చెప్తుంటే నువ్వు రాయి. ‘పాపం’, ‘అభాగ్యులు’ అన్న మాటలున్న కవితలు పదిలో ఆరు వస్తాయి, నాకు తెలుసు. ఎంత బాగా రాసిన కుర్రాడిదైనా వెనక్కి ఇచ్చేయండి. అక్క ఏ పాట పాడేది, టీలో పంచదార ఎంత వేసుకునేది, షాపులో ఎవరితో దెబ్బలాడింది, అవి రాసినవాళ్ళవి తీసుకోండి.

కేసుల భయం పెట్టుకోకండి. స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన పాత 377 సెక్షన్ విషయంలో, ఇష్టపడి కలిసుండే పెద్దవాళ్ళది నేరం కాదని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పారు. ట్రాన్స్ వ్యక్తులు తామెవరో తామే చెప్పుకోవచ్చని 2014 ఏప్రిల్ 15 నాటి తీర్పులోనే ఉంది. అందరి పుస్తకాలకీ ఉండే చట్టాలే మీ పుస్తకానికీ వర్తిస్తాయి.

రచయితలందరి దగ్గరా ఒక కాగితం మాత్రం రాయించుకోండి. రచన మీద హక్కు రాసినవాళ్ళదే. ఆ హక్కు మీకు ఎన్నాళ్ళకి రాసిచ్చారో గడువు రాసుకోకపోతే మన కాపీరైట్ చట్టం ప్రకారం అయిదేళ్ళే లెక్క. కలంపేరుతో వేయాలా, సొంతపేరుతోనా అన్నది కూడా అదే కాగితంలో రాయించండి. పుస్తకాన్ని గుర్తించడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు కేంద్ర ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, దానికి డబ్బడిగేవాళ్ళ దగ్గరికి పోవద్దు. చివరి పేజీలో లెక్క వేయండి: ఎన్ని కాపీలు, అచ్చు ఖర్చెంత. మూడు నెలలకోసారి ఎంత వచ్చిందో, ఎంత ఇచ్చారో చిన్న చీటీ అచ్చేసి మిగిలిన కాపీల్లో పెట్టండి. మా తుపాను పుస్తకం డబ్బు ఒక కమిటీకి ఇచ్చి రసీదు కోసం పద్నాలుగు నెలలు తిరిగాను. అందులో కొంత శాలువాలకి, భోజనాలకి పోయిందని ఆ తర్వాత తెలిసింది. మీరు సభ పెడితే పెట్టండి గానీ ఆ ఇద్దరినీ స్టేజి ఎక్కించి చెక్కు అట్ట పట్టుకోమనకండి. డబ్బు వాళ్ళ బ్యాంకు ఖాతాలో వేసేయండి.

ప్రూఫులు నాకు పంపు, తప్పులు నేను దిద్దుతాను. అక్క పేరులో చివరి అక్షరానికి దీర్ఘం ఉందో లేదో మాత్రం ఆ ఇద్దరినీ ముందే అడిగి రాసుకో.

ప్రశ్న: మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరసత్వం వచ్చింది. ఇలాంటి పుస్తకం ఎవరైనా వేస్తే లక్ష రూపాయలు పంపుతానంటున్నాడు. నేరుగా పంపొచ్చా? (రావులపాలెం)

జవాబు: మీ తమ్ముడి మంచి మనసుకి దణ్ణం. కానీ నేరుగా వద్దండి. అమెరికా పౌరుడయ్యాక ఆయన ఇచ్చేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం ఇలాంటి కార్యక్రమానికి అది తీసుకోవాలంటే రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. పదిమంది కుర్రాళ్ళ దగ్గర ఇవేవీ ఉండవు. ఎవరి సేవింగ్స్ ఖాతాలోనో వేస్తే తర్వాత తలనొప్పి ఆ పిల్లలకే. అక్కడే ఉంటున్నా ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే మాత్రం అది విదేశీ విరాళం కిందకి రాదు. మీకు తెలిసిన ఆడిటర్‌ని ఒకసారి అడగండి. మీ తమ్ముడిని ఆ పుస్తకానికి ఏదైనా రాసి పంపమనండి. దూరాన ఉన్నవాళ్ళు మన ఊళ్ళ గురించి రాస్తే ఇక్కడ మేం రోజూ చూస్తూ వదిలేసినవి కనిపిస్తాయి.

ప్రశ్న: టీచర్ గారూ, మాది భీమవరం. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు బట్టలు ఉతకడానికి బ్యాగు తీస్తే అడుగున ఒక కవితల పుస్తకం ఉంది. ఆడపిల్లలని ప్రేమించే ఆడపిల్లలు, ఇంకా అలాంటివాళ్ళు రాసింది. ఎవరో చనిపోతే వాళ్ళ పేరున వేశారట. ఒక కవిత కింద వేరే పేరుంది గానీ అందులో మా పెరటి పనసచెట్టు ఉంది, దాని మీద వాళ్ళ నాన్న చాకుతో చెక్కిన అక్షరం ఉంది. ‘అమ్మకి ఇంకా చెప్పలేదు’ అని ఉంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఫోన్ చేసి అడిగేయనా?

జవాబు: అమ్మా, అడగకండి. మీ టెన్షన్ నాకు అర్థమైంది. పెళ్ళి, చుట్టాలు, ఊళ్ళోవాళ్ళు అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగి ఉంటాయి. కానీ ‘ఇంకా’ అన్న మాట చూడండి. చెప్పనని ఆ పిల్ల రాయలేదు. చెప్పాలని ఉంది, వేళ కోసం చూస్తోంది. ఆ పుస్తకం వేసినవాళ్ళు వేరే పేరు వేసి ఆ పిల్ల గుట్టు కాపాడారు. ఇప్పుడు మీరు బ్యాగు తీశానని చెప్తే, ఆ మాట తన నోటితో తను చెప్పుకునే వేళ పోతుంది.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. టీవీలో ఇలాంటివాళ్ళ గురించి ఏదైనా వచ్చి ఇంట్లో ఎవరైనా వెక్కిరిస్తే, మీరు ఊరుకోకండి. ‘వాళ్ళూ ఒక తల్లి పిల్లలే’ అనండి, అమ్మాయి ఫోన్ లైన్లో ఉన్నప్పుడైనా సరే. సంబంధాలు చూస్తున్నామని తొందరపెట్టకండి. వాళ్ళ నాన్నగారికి మీరై మీరు చెప్పకండి, అది కూడా ఆ పిల్ల చెప్పుకోవాల్సిందే. మీకు మరీ ఊపిరాడకపోతే నాకు రాయండి, ఎన్నిసార్లయినా రాయండి.

ఈసారి వచ్చినప్పుడు బ్యాగులో ఆ పుస్తకం ఉంటే తీయకండి. పొరపాటున చేతికి తగిలితే చీర మడతల కింద ఎలా ఉందో అలాగే పెట్టండి. ఏ పేజీ మూలైనా మడిచి ఉంటే ఆ మడత విప్పకండి.