మామయ్యగారికే కాదు, అత్తయ్యగారికీ బయట ఒక పూట కావాలి

అమ్మా, ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాదు వదిలి అమలాపురం దగ్గరి సొంత ఊరు చేరిన మీ మామయ్యగారు ఆరు నెలలుగా టీవీ ముందు నుంచి కదలడం లేదనీ, మీ అత్తయ్యగారికి రోజురోజుకూ విసుగు పెరుగుతోందనీ రాసి, ఆయనకు ఆరుబయట ఏదైనా వ్యాపకం చెప్పమని అడిగారు. నాకు 68 ఏళ్లు. అంబాజీపేటకు దగ్గరలో, కాలువగట్టు మీది ఊళ్లో మేమిద్దరమే ఉంటున్నాము. మావారు 2014లోనూ, పంతులమ్మగా పనిచేసిన నేను 2016లోనూ విరమణ పొందాము. మీరు వర్ణించిన ఇల్లు ఒకప్పుడు మా ఇల్లే కనుక, మీరు అడిగినదానికంటే కొంచెం ఎక్కువే చెబుతాను.

మొదట అందరూ చెప్పే సలహా నడక. మావారు నెలరోజులు కాలువగట్టు మీద నడిచి మానేశారు. ముప్పై అయిదేళ్లపాటు తన కోసం ఎవరో ఎదురుచూసే చోటికి వెళ్లి వచ్చిన మనిషి, కాళ్లు ఆడడం కోసమే ఇల్లు కదలాలంటే మనసు ఒప్పుకోదని నాకు అప్పుడే అర్థమైంది. ఆయనను మళ్లీ గట్టెక్కించినది గాలం. చిన్నతనంలో వదిలేసిన వెదురు కర్ర, బెండు, వానపాముల ఎర మళ్లీ చేతికి వచ్చాక, తెల్లవారుజామున అయిదున్నరకు నేను లేపకుండానే లేవడం మొదలుపెట్టారు.

మన డెల్టాలో ఈ వ్యాపకానికి కాలువే పంచాంగం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఇక్కడి బతుకు కాలువ నీటితోనే నడుస్తోంది కదా. సాధారణంగా మరమ్మతుల కోసం వేసవిలో కాలువలు కట్టేస్తారు, సార్వా, అంటే వానాకాలం పంట, పనులకు జూన్‌లో నీళ్లు వదులుతారు. కాలువ కట్టేసిన కొత్తలో అడుగున మిగిలిన మడుగుల్లోకి కొరమేను, జెల్ల, మట్టగిడస చేరతాయి. అయితే ఆ రోజుల్లో ఊళ్లో పిల్లలందరూ అక్కడే ఉంటారు కాబట్టి మావారు వాళ్లకే వదిలేసి, నీళ్లు వచ్చి బురద తేరుకున్నాక మళ్లీ కూర్చుంటారు. కార్తీకంలో మా ఇంట్లో నీచు వండము కనుక ఆ నెల గాలానికి సెలవు. ఇలా ఏడాదిలో ఆగే రోజులు ఉండడం మంచిదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఆగినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టాలన్న ఆశ ఆయనలో కనిపించేది.

ఇక ఇంటి సంగతి. 2019 వానల్లో, చీకటి పడుతున్న వేళ, పాచి పట్టిన రేవు మెట్ల మీద ఆయన జారిపడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టుతో ఇంట్లోనే ఉన్నారు. ఆ ఆరు వారాలలో నేను ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. పోపు మాడుతోందనీ, గ్యాసు ఎక్కువ పెట్టాననీ, పాలావిడకు డబ్బులు ముందే ఎందుకిచ్చాననీ ఆయన వంటగది గుమ్మంలో నిలబడి అడుగుతూ ఉంటే, నలభై ఏళ్లు నేను ఒంటిచేత్తో నడిపిన ఇంటికి కొత్తగా ఒక పైఅధికారి వచ్చినట్టు అనిపించింది. ఆయనలో చెడ్డతనం ఏమీ లేదు, చూడడానికి వేరే పని లేదు, అంతే. మీ అత్తయ్యగారి విసుగు టీవీ మీద కాకపోవచ్చు. పగలంతా ఇంట్లో తనకంటూ ఒక్క గంటయినా మిగలకపోవడం మీద కావచ్చు. ఒకసారి మెల్లగా అడిగి చూడండి.

కట్టు విప్పిన తర్వాత మేమిద్దరం అరుగు మీద కూర్చుని మాట్లాడుకుని కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాము. ఉదయం ఎనిమిది దాకా బయటి పూట ఆయనది, సాయంత్రం నాలుగున్నర నుంచి దీపాల వేళ దాకా బయటి పూట నాది. నేను లేని ఆ సమయంలో గిన్నెలు సర్దడం, మొక్కలకు నీళ్లు పోయడం, అన్నం వండడం ఆయన పని. చేపలు తెచ్చినవారే బాగుచేయాలి: బూడిద రాసి, రాతి మీద రుద్ది, కడిగి ఇస్తేనే నా గిన్నెలోకి వస్తాయి. ఈ చివరి నియమం పెట్టాక ఆయన చిన్నచిన్న పరిగెలను తిరిగి నీళ్లలోనే వదిలేస్తున్నారు. ఏప్రిల్‌లో చింతచిగురు వేసి వండే చిన్నచేపల కూరకు మాత్రం ఎంత ఓపికైనా తెచ్చుకుంటారు.

నా పూటలో నేను చేసేది పక్షులను చూడడం. బడిలో ఉండగా పిల్లలకు పేర్లు చెప్పానే కానీ ఏ ఒక్కదాన్నీ నిలబడి చూడలేదు. దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు నడిచేది బురదలోంచి బయటపడే పురుగుల కోసమనీ, ముక్కు మధ్యలో సందు ఉండే నత్తగుల్ల కొంగ పేరుకు తగ్గట్టే నత్తలను ఏరుకుంటుందనీ గట్టు మీద నిలబడే తెలుసుకున్నాను. వానాకాలంలో మా చెరువు మీదికి వంగిన కొబ్బరి మట్టలకు గిజిగాళ్లు గూళ్లు కడతాయి. మగపక్షి సగం అల్లి ఆగుతుంది, ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం పూర్తి చేస్తుంది. 1996 నవంబరు తుపానులో తలలు విరిగిన మా కొబ్బరిచెట్ల మొండేల తొర్రల్లో చిలకలు పిల్లలను చేయడం చాలాకాలం చూశాము. అప్పట్లో ఆ మొండేలను చూస్తే గుండె తరుక్కుపోయేది, వాటిలో చిలకల అరుపులు విన్నాక నరికించబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో తేదీ, పక్షి పేరు, ఎన్ని కనిపించాయో రాసుకుంటాను. రాత్రి భోజనాల దగ్గర ఆయన కాలువ కబుర్లు, నా పొలాల కబుర్లు కలుస్తాయి. రోజంతా ఒకే గదిలో ఉన్నప్పుడు మాకు ఇన్ని మాటలు ఉండేవి కావు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇద్దరం కలిసి దూరం వెళ్తాము. చలికాలంలో కొల్లేటి అంచున కైకలూరు దగ్గరి ఆటపాక వెళితే ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టిన గూడబాతులను చూడవచ్చు. కాకినాడ వైపు కోరంగి మడ అడవిలో చెక్కల వంతెన మీద నడవడం మా మోకాళ్లకు సులువుగానే ఉంది. దోమలు ఎక్కువ, చేతులు కప్పే బట్టలు వేసుకోమనండి.

జాగ్రత్తల విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. రేవు మెట్ల మీద కూర్చోవద్దు, గట్టు మీద సమంగా ఉన్న చోట ముక్కాలిపీట వేసుకోవాలి. మసక చీకట్లో టార్చి, కర్ర, బూట్లు లేకుండా అడుగు పెట్టకూడదు, కట్లపాములు మన తోటల్లో ఉన్నాయి. షుగరు ఉన్నవారు కాలికి చిన్న గాయం ఉన్నా నీళ్లలో దిగకూడదు. నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద కుర్చీ వేయడం పట్నం నుంచి వచ్చినవారు చేసే తప్పు. కాయే కాదు, ఎండిన మట్ట మీద పడినా ప్రమాదమే. కాయలు దింపించిన తర్వాత కూడా మట్ట రాలుతుంది. వేసవిలో ఎనిమిదికల్లా ఇల్లు చేరాలి, ఎండకంటే మన ఉక్కపోత మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది.

మీ మామయ్యగారికి గాలమే కావాలని లేదు, తోటపని కావచ్చు, సాయంత్రం గుడి అరుగు మీద చదరంగం కావచ్చు. అయితే ఆయనతో మాట్లాడే ముందు అత్తయ్యగారిని కూర్చోబెట్టి, ఏ పూట ఇల్లు తనకు ఖాళీగా కావాలో, ఏ పూట తాను బయటికి వెళ్లాలనుకుంటున్నారో అడగండి. ఒకవేళ గాలమే అయితే, ఎర గురించి మావారిని కాదు, రేవు దగ్గర ఆడుకునే పిల్లలను అడగమనండి. ఆయన కూడా వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు.