నొప్పి పోయింది కానీ ఒంటికాలి మీద నిలబడితే పాదం ఊగుతోంది

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, నాకు 19 ఏళ్లు, వాలీబాల్ ఆడతాను. నాలుగు నెలల కింద బ్లాక్‌కి ఎగిరి దిగేటప్పుడు పక్క ప్లేయర్ పాదం మీద పడి కుడి చీలమండ లోపలికి మడతపడింది, బాగా వాచింది. ఇప్పుడు నొప్పి లేదు, వాపు లేదు, మ్యాచ్‌లు కూడా ఆడుతున్నా. కానీ కుడికాలు ఒక్కదాని మీదే నిలబడితే పాదం అటూ ఇటూ ఊగిపోతోంది, ఎడమకాలికి అలా లేదు. తొడల్లో బలం లేదని ఫ్రెండ్స్ అంటే రోజూ స్క్వాట్స్ చేస్తున్నా, ఏం తేడా లేదు.

జవాబు: స్క్వాట్స్ మానకండి, కానీ మీరు చెప్పినదాన్ని బట్టి ముందు చూడాల్సింది చీలమండనే. రెండు కాళ్ల మీద ఉన్నప్పుడు పక్కకి ఒరిగిపోకుండా ఎక్కువగా తుంటి చూసుకుంటుంది, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారుస్తూ. ఒక కాలు ఎత్తేశారంటే ఆ వీలు పోయినట్టే, ఒళ్లంతా ఒక్క పాదం వెడల్పులో నిలబడాలి, అక్కడ పని మొదట పడేది చీలమండ మీదే. చెప్పుల్లేకుండా ఒంటికాలి మీద నిలబడి కిందికి చూస్తే తెలుస్తుంది, చీలమండకి రెండు పక్కలా కండరాలు లాగుతూ వదులుతూ ఉంటాయి. బయటివైపువి పెరోనియల్ కండరాలు, పాదం లోపలికి మడతపడకుండా ఆపేవి ఇవే. ముందుకి తూలకుండా పిక్క పట్టుకుంటుంది. ఆ కాస్త కదలిక అందరికీ ఉంటుంది, అది తప్పు కాదు, మీకు రెండు కాళ్ల మధ్య తేడా ఉంది చూశారా, అదే అసలు విషయం.

లిగమెంట్ ఎముకల్ని కట్టిపట్టే తాడు మాత్రమే అనుకుంటాం గానీ పాదం ఎంత వంగిందో మెదడుకి కబురు పంపే నరాల చివర్లు కూడా అందులో ఉంటాయి. బెణికితే ఆ కబురు కూడా దెబ్బతింటుందని, దాన్ని బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులతో బాగుచేయొచ్చని ఫ్రీమన్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు 1965లోనే రాశారు. నొప్పి తగ్గినంత మాత్రాన ఇది దానంతటదే తిరిగొస్తుందని చెప్పలేం, అందుకే నొప్పి లేదు కదా అని ఆడేస్తుంటే నాకు భయం.

ఇంకోటి, పాదం హఠాత్తుగా మడతపడితే పెరోనియల్స్ స్పందించడానికే సుమారు 60 నుంచి 80 మిల్లీసెకన్లు పడుతుంది, బలం అందుకోవడానికి ఇంకాస్త టైమ్, ఆలోపే బెణుకు అయిపోవచ్చు. కాబట్టి నేల తాకకముందే కండరం బిగిసి సిద్ధంగా ఉండాలి, ఆ అలవాటు ప్రాక్టీస్‌తోనే వస్తుంది.

ముందు గోడ దగ్గర ఒక టెస్ట్ చేసుకోండి. మడమ లేవకుండా మోకాలు గోడకి తగలాలి, పాదం ఎంత వెనక్కి జరపగలుగుతున్నారో రెండు కాళ్లకీ సెంటీమీటర్లలో కొలవండి. కుడివైపు బాగా తక్కువ వస్తే చీలమండ ఇంకా బిగుసుకునే ఉంది, పిక్క స్ట్రెచ్‌లు కూడా కలపండి. తర్వాత గట్టి నేల మీద ఒట్టి పాదంతో ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి, అది కుదిరాక గోడ పక్కన కళ్లు మూసుకుని, అదీ కుదిరాక బాల్ పాస్ చేస్తూ. చాలామంది మొదటిరోజే ఊగే బోర్డు ఎక్కేస్తారు, నేల మీద కుదరనిది బోర్డు మీద ఏం కుదురుతుంది చెప్పండి. ఒంటికాలి మీద మడమలెత్తడం, రబ్బరు బ్యాండుతో పాదాన్ని బయటికి తోయడం కూడా పెట్టుకోండి. చివరికి మీ ఆటకి కావాల్సింది దూకి ఒంటికాలి మీద దిగి 3 సెకన్లు కదలకుండా ఆగడం, ఎడమకాలితో ఎంత బాగా వస్తుందో కుడికాలితోనూ అంత రావాలి. వారానికి మూడు నాలుగు రోజులు, కనీసం ఆరు వారాలు చేయండి.

అప్పటిదాకా మ్యాచ్‌ల్లో చీలమండని పట్టి ఉంచే బ్రేస్ వేసుకోండి, మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది, కానీ బ్రేస్ ఉంది కదా అని ఎక్సర్‌సైజులు వదిలేయొద్దు. మామూలుగా నడుస్తున్నప్పుడు కూడా కాలు పట్టు తప్పుతున్నా, లోపల ఏదో ఇరుక్కున్నట్టున్నా, ఆడాక మళ్లీ వాస్తున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాకే మళ్లీ కోర్టులోకి వెళ్లండి.