ప్రభువు బల్ల దగ్గరకు రావడానికి వెనుకాడుతున్న నీకు

నాయనా,

ప్రభువు నామమున నీకు వందనములు. వచ్చే ఆదివారం నీవు మొదటిసారి ప్రభువు బల్లలో, యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆ ఆచరణలో, పాలుపొందబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే, "కానీ తనకు యోగ్యత లేదని మళ్ళీ వెనుకాడుతున్నాడు, అక్కా" అని ఆమె అనేసరికి ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.

వాక్యం చదువుకో, ప్రార్థించుకో, ఒప్పుకోవలసిన పాపాన్ని ఒప్పుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీ వయసులో నేను మీ అమ్మను ఒక మాట అన్నాను. అదేమిటో ఇప్పటికీ రాయలేను. ఆ ఆదివారం రొట్టె పళ్ళెం నా దాకా వచ్చినప్పుడు, అందులోని చిన్న ముక్కలను చూసి, తల ఎత్తకుండానే పక్కవారికి అందించాను. అలా నాలుగేళ్ళు అందిస్తూనే ఉన్నాను. మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయం 27వ వచనంలో, "అయోగ్యముగా" ఆ రొట్టె తినేవాడు అపరాధి అవుతాడన్న మాట నన్ను అంతగా భయపెట్టింది. దూరంగా ఉండడమే వినయమనుకున్నాను. నిజానికి బల్ల దగ్గరకు వెళ్ళాలంటే ముందు చెల్లెలితో సమాధానపడాలి, బల్లనే మానుకుంటే ఆ పని తప్పుతుంది. నా వినయం చాటున దాగినది ఆ పంతమే, నాయనా.

చివరకు సంఘంలోని ఒక వృద్ధురాలు నా పక్కన కూర్చొని, బైబిలు తెరిచి, 28వ వచనం మీద వేలుపెట్టి చదవమన్నారు. మనిషి తన్ను తాను పరీక్షించుకొని దూరంగా ఉండవలెనని అక్కడ లేదు, "ఆలాగుచేసి" తినవలెనని ఉంది. ఆ పత్రిక రాసిన పౌలు కొరింథు సంఘంలో గద్దించినది తమ పాపానికి ఏడ్చేవారిని కాదు, ఒకడు ఆకలితో ఉండగా తాము ముందే తిని మత్తులైనవారిని. "అయోగ్యముగా" అన్నది తినే తీరును గురించిన మాట. శిష్యుడైన పేతురు తనను ఎరుగనని ముమ్మారు బొంకుతాడని తెలిసే ప్రభువు, తాను అప్పగింపబడిన రాత్రి అతనిని తన బల్ల దగ్గర కూర్చోనిచ్చాడు.

కృప ఉంది కదా అని పాపాన్ని తేలికగా చూడకు. ఆ విషయంలో నిన్ను మందలించడానికి నేను వెనుకాడను. కానీ నా భయమల్లా వేరు: నీవు ఎప్పుడో తప్పిపోయిన మరునాడు, బాగుపడ్డాక వస్తానని దేవునికి గడువు పెడతావేమోనని. లూకా 15వ అధ్యాయంలో, ఆస్తి పాడుచేసుకొని తండ్రి దగ్గరకు తిరిగి వచ్చిన చిన్న కుమారుడు, కూలివారిలో ఒకనిగా పెట్టుకొమ్మని అడగాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు. తండ్రి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాక ఆ మాట అడగనే లేదు. నేను క్షమాపణ అడగడానికి వెళ్ళిన రోజు మీ అమ్మ కూడా నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు.

ఆదివారం ఆమె పక్కనే కూర్చో. పళ్ళెం ఆమె చేతిలో నుంచి నీ చేతికి వస్తుంది. పక్కకు అందించే ముందు ఒక ముక్క తీసుకో, నా తండ్రీ.

నీ పెద్దమ్మ