జలుబు మాత్ర వేశాక బీపీ పెరిగిందేం?

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్లు. టెల్మిసార్టాన్ 40 వాడుతున్నారు, బీపీ ఎప్పుడూ 130/80 దగ్గరే ఉండేది. మూడు రోజులుగా మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు మాత్ర రోజుకి మూడు, జ్వరానికి పారాసిటమాల్ 650 మాత్ర మూడు వేస్తున్నాం. నిన్న ఇంట్లో మెషిన్‌తో చూస్తే 158/94, పల్స్ 96. బీపీ మాత్ర పెంచమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అంతట మీరు పెంచకండి. ముందు ఆ జలుబు మాత్రల స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవండి. షాపుల్లో ఇచ్చేవి చాలావరకు మూడు మందులు కలిపినవి: జ్వరానికి పారాసిటమాల్, తుమ్ములకీ ముక్కు కారడానికీ క్లోర్‌ఫెనిరమిన్, ఇంకా ఫినైలెఫ్రిన్. ఈ మూడోది ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగించడానికి కలుపుతారు. ఆ బిగింపు ముక్కుతోనే ఆగకపోవచ్చు, అందుకే బీపీ ఉన్నవాళ్లకి వద్దంటారు. పైగా మింగే ఫినైలెఫ్రిన్‌తో ముక్కుదిబ్బడ తగ్గదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023 సెప్టెంబరులోనే తేల్చింది. స్ట్రిప్పు మీద సూడోఎఫిడ్రిన్ అని ఉంటే ఇంకా జాగ్రత్త, అది బీపీనీ పల్స్‌నీ రెండింటినీ పెంచుతుంది.

అసలు ప్రమాదం పారాసిటమాల్ దగ్గరుంది. జలుబు మాత్రలో సాధారణంగా 500 మి.గ్రా. ఉంటుంది. మూడు అవి, మూడు 650లు కలిస్తే రోజుకి 3,450 మి.గ్రా. పెద్దవాళ్లకి 4,000 దాటకూడదు. మద్యం అలవాటో కాలేయ జబ్బో ఉంటే హద్దు ఇంకా తక్కువ. ఇంకొక్క 650 మాత్ర వేస్తే 4,000 దాటినట్టే. క్లోర్‌ఫెనిరమిన్‌తో మగత వస్తుంది, ప్రోస్టేట్ పెరిగినవాళ్లకి మూత్రం బిగుసుకుపోవచ్చు. నాన్నగారిని ఆ సంగతి అడగండి, ఆయనంతట ఆయన చెప్పకపోవచ్చు.

జలుబు మాత్ర ఆపి, బీపీ మాత్ర మాత్రం రోజూలాగే వేస్తూ, మళ్లీ సరిగ్గా చూడండి. 28 పాయింట్ల తేడా మొత్తం మందుదే కాకపోవచ్చు. చూసే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకి మోపి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) చొక్కా మీద కాకుండా ఒంటి మీదే, మోచేతి మడతకి రెండు వేళ్లు పైన కట్టాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. వేలాడేస్తే ఎక్కువ చూపిస్తుంది, లావు చేతికి చిన్న కఫ్ కట్టినా అంతే. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాసుకోండి. పల్స్ 96కి జ్వరమే కారణం కావచ్చు, పక్కనే టెంపరేచర్ కూడా రాయండి.

వారం తర్వాతా 135/85 పైనే ఉంటే ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను జీఎన్ఎం (నర్సింగ్ కోర్సు) మొదటి సంవత్సరం. ఊపిరి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: సరిపోదమ్మా. ఒక్క ఊపిరి తప్పు లెక్కపెడితే చార్టులో నాలుగు తేడా వస్తుంది. పెద్దవాళ్లకి మామూలుగా ఉండాల్సింది 12 నుంచి 20 మాత్రమే కాబట్టి ఆ తేడా చిన్నది కాదు. నిండా నిమిషం చూడు. లెక్కపెడుతున్నట్టు తెలిస్తే రోగి ఊపిరి మారిపోతుంది, అందుకే పల్స్ అయ్యాక కూడా మణికట్టు మీద వేళ్లు తీయకుండా ఛాతీ కదలిక గమనించు. పసిపిల్లలకి ఏడుపు ఆగాకే లెక్క: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, ఆపైన ఉంటే వేగమే, వెంటనే సిస్టర్‌కి చెప్పు. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ (ఆయాసానికి మందుని పొగమంచులా పీల్పించడం) తర్వాత పల్స్ పెరుగుతుంది కాబట్టి మందు ఇచ్చిన టైము పక్కనే రాయి.

జలుబుతో వచ్చిన పిల్లలకి ఇంట్లో ఏ చుక్కలు వేశారో తల్లిని అడగడం మరిచిపోకు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు వాళ్లకి వాడరాదని లేబుల్ మీద వేయాలని మన ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది.

ప్రశ్న: ఆక్సీమెటాజోలిన్ ముక్కు చుక్కలు మూడు వారాలుగా వేస్తున్నా. మానితే ముక్కు మూసుకుపోతోంది.
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: ఇప్పుడు ముక్కు మూస్తున్నది ఆ చుక్కలే. అయిదు రోజులు మించి వాడితే మందు ప్రభావం దిగగానే లోపలి పొర ముందుకంటే ఎక్కువ ఉబ్బుతుంది. ముందు ఒక వైపు మానండి, అది తెరుచుకున్నాక రెండోది. ఈలోగా సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేసుకోవచ్చు. నిద్ర పట్టనంత దిబ్బడగా ఉంటే ఈఎన్‌టీ డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. దాని ఫలితం తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది, రెండో రోజే మానేయకండి.